త్రినాథరావు గారి బఠాణీ రోగులు

అధ్యక్ష స్థానంలో కూర్చుని, నా చేతిలో ఎన్ని కాగితాలున్నాయో ఇందాకటి నుంచి కళ్లతోనే కొలుస్తున్న పార్థసారథి గారికి, పూలదండ ఒళ్లో పెట్టుకుని అది వాడిపోయేలోగా తన వంతు వస్తుందో రాదో అని కంగారు పడుతున్న మన తెలుగు సమితి కార్యదర్శి లక్ష్మీప్రసాద్ గారికి, నెహ్రూ నగర్ నుంచి కార్లలోనూ, మా రిసాలి నుంచి స్కూటర్ల మీదా, హాలు పక్కనే ఇల్లున్నందుకు అందరికంటే ఆలస్యంగా ఈ సెక్టర్ 2 నుంచీ వచ్చిన పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, వెనక తలుపు దగ్గర నిలబడి వంటల వాసన పీలుస్తున్న మిత్రులకు, శాలువా కప్పకముందే చెమటలు పట్టేసిన త్రినాథరావు మావయ్య గారికి, ఆయన పక్కన విసనకర్రతో సిద్ధంగా ఉన్న వరలక్ష్మమ్మ అత్తకు, అందరికీ నమస్కారం.

నాకు అయిదు నిమిషాలు ఇచ్చారు. తెలుగులోనే మాట్లాడాలని షరతు కూడా పెట్టారు. నా తెలుగు ఈ ఊళ్లో పుట్టిన తెలుగు, హిందీ ఆసరా లేకుండా ఎక్కువ దూరం నడవలేదు. అందుకని రాసుకొచ్చాను. రాసింది మా అమ్మ దిద్దింది. దిద్దుతూ దిద్దుతూ లక్ష్మీప్రసాద్ గారి మీద ఉన్న మాటలన్నీ కొట్టేసింది. కొట్టేసినవి నాకు కంఠతా వచ్చు కాబట్టి ఆయన నిశ్చింతగా ఉండక్కర్లేదు. (నవ్వులు)

మావయ్య గారి గురించి తెలియని వాళ్లు ఈ హాల్లో ఉండరు, కానీ పెళ్లయి కొత్తగా ఈ ఊరొచ్చిన కోడళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు కాబట్టి చెబుతాను. ఆయన ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేస్ మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన మర్నాటి నుంచీ సాయంత్రం పూట ఈ హాలు పక్క గది తలుపు తీసి, హోమియోపతి మందు ఉచితంగా ఇస్తూ వచ్చారు. మందంటే మనందరికీ తెలిసినదే, ఆవగింజలంత తెల్ల గోళీలు. పిల్లలు వాటికోసమే కడుపునొప్పి తెచ్చుకునేవారు. కానీ గోళీలు చేతిలో పడేలోగా ఆయన అడిగే ప్రశ్నలున్నాయే, అవి తట్టుకోవడానికి ఆరోగ్యం బాగుండాలి. మా నాన్న ఒకసారి దగ్గుతో వెళ్తే, "కల్లో నీళ్లు కనబడతాయేటి? ఉప్పు ఎక్కువ తింతావా? ఏడుపొస్తే నలుగుర్లో ఏడుస్తావా, ఒక్కడివే ఎళ్లి ఏడుస్తావా?" అని అడిగారట. మా నాన్న ఇంటికొచ్చి దగ్గడం కూడా మర్చిపోయారు. ఇన్నేళ్ల కాపురంలో మా అమ్మ కూడా ఆయన్ని ఆ చివరి ప్రశ్న అడగలేదు. అడగలేదు కదమ్మా? (నవ్వులు) తల అడ్డంగా ఊపుతోంది, రాసుకోండి.

అలా నడిచిపోతున్న గది మీద మన కార్యదర్శి గారి చూపు పడింది. ఆ గదిలో జిమ్ పెట్టాలని ఆయన కోరిక. మంచి కోరికే. దానికోసం ఆయన ముందుగానే ఒక ట్రెడ్‌మిల్ కొని తన ఇంట్లో పెట్టారు, ప్రస్తుతం దాని మీద వాళ్లావిడ చీరలు ఆరేస్తున్నారు. (నవ్వులు) నిరుడు దసరా వెళ్లాక జరిగిన సర్వసభ్య సమావేశంలో ఆయన లేచి, మావయ్య గారిని అందరి ముందూ అడిగారు.

"మావా, బురా మత్ మాన్నా, ఏమీ అనుకోకు. నీ మందు పనిచేస్తదని ప్రూఫ్ ఉందా? ఉంటే చూపించు, గది నీదే. లేకపోతే సమితి గది సమితికి ఇచ్చెయ్."

మావయ్య గారు నిదానంగా కళ్లజోడు తీశారు. "ప్రూఫేటిరా? ఎనిమిదో క్లాసు దాకా నువ్వు రోజూ పక్క తడుపుతుంటే, మీ అమ్మ ఎవరి కాడికి తీసుకొచ్చింది?"

ఆ తరవాత సమావేశం కాసేపు సమావేశంలా లేదు. నవ్వులు ఆగాక లక్ష్మీప్రసాద్ గారు ఎర్రబడ్డ మొహంతోనే ఒక మాట అన్నారు, ఒప్పుకోవాలి, తెలివైన మాట. "అది నీ మందుకి తగ్గలేదు మావా, వయసొచ్చి తగ్గింది."

ఇంకెవరైనా అయితే కోప్పడేవారు. మావయ్య గారు మాత్రం కళ్లజోడు పట్టుకుని ఆలోచనలో పడ్డారు. నేను వెనక వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నదాన్ని, ఆ మొహం చూసి ఫోన్ పక్కన పెట్టాను. అడిగిన ప్రశ్నకి తన దగ్గర జవాబు లేదని ఒక పెద్దాయన అందరి ముందూ తెలుసుకుంటున్నారు, దాన్ని దాచుకోవడం లేదు. మన సభల్లో అలాంటి మొహం నేనెప్పుడూ చూడలేదు.

"నిజమే. వయసొచ్చి తగ్గిందో, మందుకి తగ్గిందో, నా మీద నమ్మకంతో తగ్గిందో ఎలాగ తెలుస్తాది? వయసూ, నమ్మకం లేనోడికి ఇచ్చి సూడాల. మొక్కకి ఇద్దాం. మొక్కకి నానెవరో తెలీదు."

అధ్యక్షులు ఇంజనీరు కదా, ఆయన కళ్లు మెరిశాయి. "ట్రయల్ రన్ అన్నమాట" అన్నారు. శీతాకాలం వస్తోంది, బఠాణీ వేసుకునే రోజులు. బఠాణీకి జనవరి ఎండల్లో బూడిద తెగులు పట్టడం ఖాయం, ఆకుల మీద ఎవరో పౌడరు డబ్బా బోర్లించినట్టు తెల్లగా పడుతుంది, అది ఒక రకం బూజు. హాలు వెనక ఖాళీ స్థలంలో బఠాణీ వేసి, సగం వరసలకి మావయ్య గారి మందు, సగం వరసలకి ఉత్త నీళ్లు కొట్టి చూడాలని తీర్మానించారు. మందు పనిచేస్తే గది ఆయనది. లేకపోతే తాళం కార్యదర్శిది. అయితే ఇదంతా పద్ధతిగా జరిపించడానికి చదువుకున్న మనిషి కావాలి కదా అని అధ్యక్షులు అనగానే, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"మా రోహిణి బోటనీ ఎమ్మెస్సీ చేసిందండి. కాళీగానే ఉంతాది."

(నవ్వులు) నవ్వండి, పరవాలేదు. ఆ మాట నాకు కొత్త కాదు. ఎమ్మెస్సీ అయ్యాక నేను చేస్తున్న పని ఏమిటని ఈ హాల్లో నన్ను అడగని వాళ్లు లేరు. అప్లికేషన్లు పెట్టేదాన్ని, జవాబులు వచ్చేవి కావు. సంబంధాలు మాత్రం నేను అప్లికేషన్ పెట్టకుండానే వచ్చేవి. ఇంట్లో కాలు నిలవక ఈ సెక్టర్ నుంచి ఆ సెక్టర్‌కి స్కూటీ మీద తిరుగుతుంటే, పెట్రోలు పోయించే మా నాన్న నిట్టూర్చేవారు. అలాంటిదాన్ని పట్టుకుని మొదటిసారి ఒకాయన, పెళ్లెప్పుడని కాకుండా, "నా మందు నిజంగా పనిచేస్తాదో లేదో నువ్వు తేల్చి సెప్పు గుంటా" అని అడిగారు. ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు, సంతోషంతోనే.

పరీక్ష ఎలా పెట్టానో రెండు ముక్కల్లో చెబుతాను, పార్థసారథి గారు గడియారం చూడకండి. ఆయన ఎంచుకున్న మందు సల్ఫర్, అంటే గంధకమే, కానీ నీళ్లలో కలిపి, కలిపినదాన్ని మళ్లీ కలిపి, మళ్లీ కలిపి, చివరికి గంధకం పేరు తప్ప ఏమీ మిగలనంత పలచన చేసింది. ఆ నీళ్లు ఒక సీసాలో, ఉత్త నీళ్లు ఇంకో సీసాలో పోశాను. వాసనకి తేడా తెలియకుండా రెండింట్లోనూ ఒకే స్పిరిట్ చుక్కలు వేశాను. ఒకదానికి ఎర్ర మూత, ఇంకోదానికి నీలం మూత. ఏ వరసకి ఏ మూత అన్నది బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించాను. ఏ మూత కింద ఏముందో నాకొక్కదానికే తెలుసు. మావయ్య గారికి తెలిస్తే తెలియకుండానే వాటిని ఎక్కువ ముద్దు చేస్తారు, కార్యదర్శి గారికి తెలిస్తే తెలిసే వాటిని తొక్కుతారు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

ఎవరికీ చెప్పని సంగతి ఈ ఊళ్లో దాచడం ఎంత కష్టమో ఆ శీతాకాలం తెలుసుకున్నాను. మా అమ్మ పులిహోర చేసిపెట్టి అడిగింది. వరలక్ష్మమ్మ అత్త అడగలేదు, మా ఇంటికొచ్చి నా మొహంలోకి చూస్తూ "ఎర్రమూతా?" అని ఊరుకుని, "నీలంమూతా?" అని మళ్లీ చూసింది. నేను మొహం అటు తిప్పుకుని దగ్గాను. దగ్గుకి అక్కడికక్కడే గోళీలు ఇచ్చింది. (నవ్వులు)

ఇక మందు కొట్టే బాధ్యత నరసింగరావు మావయ్యది, అదిగో ఆ మూల మీసాలు సవరించుకుంటున్నారు, రిటైరైన క్రేన్ ఆపరేటరు. మొదటి సాయంత్రం హెల్మెట్, చేతులకి గ్లవ్సులు, కాళ్లకి సేఫ్టీ బూట్లు వేసుకుని వచ్చారు. "మావయ్యా, అందులో ఒకటి ఉత్త నీళ్లు, రెండోదీ దాదాపు ఉత్త నీళ్లే" అన్నాను. "ఏటైనా అవనీ. సేఫ్టీ ఫస్ట్" అన్నారు. రోజూ సాయంత్రం ఆయన హెల్మెట్టుతో నీళ్లు కొడుతుంటే గోడ అవతల కూరగాయలమ్మే ఆవిడ బండి ఆపి చూసేది. ఈ తెలుగువాళ్లు బఠాణీకి ఎందుకింత భయపడుతున్నారో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

జనవరి వచ్చింది, తెగులూ వచ్చింది. మొదట అక్కడక్కడ మచ్చలు. తరవాత నీలం వరసలు బాగా దెబ్బతిన్నాయి, ఎర్ర వరసలు కాస్త నిలదొక్కుకున్నాయి. బొమ్మా బొరుసూ చేసిన పని ఏమిటంటే, నీలం వరసలు చాలావరకు గోడ పక్కకి వచ్చాయి, అక్కడ ఎండ ఆలస్యంగా పడుతుంది. నేను చేసిన ఎమ్మెస్సీ ఆ గోడని ముందు చూడలేదు. మావయ్య గారు రోజూ పొద్దున్న వాకింగుకి పోతూ ఆగి, నీలం వరసల్ని చూసి నడుం మీద చేతులు వేసుకుని నిలబడేవారు. ఎవరైనా గెలుస్తున్నవాడు ఎర్ర వరసల్ని చూసుకుని మురిసిపోతాడు. ఆయన చూపంతా చచ్చిపోతున్నవాటి మీదే ఉండేది.

కొన్నాళ్లకి కథ తిరగబడింది. నీలం వరసల్లో కొత్త ఆకులు నిగనిగలాడుతూ వచ్చాయి, బూడిద పాకడం ఆగిపోయింది. మరోపక్క ఎర్ర వరసలు మెల్లగా తెల్లబడిపోయాయి. ఊరంతా నీలం మూతే మందని తీర్మానించేసుకుంది. "మావా కమాల్ కర్ దియా, అదరగొట్టేశావు" అని కుర్రాళ్లు దారిలో ఆపి చెప్పేవారు. నరసింగరావు మావయ్య స్వీటు డబ్బా తెచ్చి పంచారు. లక్ష్మీప్రసాద్ గారు కూడా తీసుకున్నారు, ట్రెడ్‌మిల్ అమ్మకానికి పెట్టారని కూడా విన్నాను. ఆ స్వీటు తినని వాళ్లం ఇద్దరమే, నేనూ, మావయ్య గారూ. నీలం మూత కింద ఉన్నది ఉత్త నీళ్లని నాకు తెలుసు కాబట్టి నా నోట్లోకి పోలేదు. ఉత్త నీళ్లు బూడిద తెగుల్ని ఎలా తగ్గించాయో తల బద్దలు కొట్టుకున్నా తెలియలేదు. మావయ్య గారు ఎందుకు తినలేదో అప్పుడు నాకు అర్థం కాలేదు, షుగరేమో అనుకున్నాను.

ఫలితం చెప్పే ఆదివారం ఈ హాలు ఇంతకంటే నిండింది. ఇంతమంది మా అక్క పెళ్లికి కూడా రాలేదు. పార్థసారథి గారు, "రోహిణీ, ఏ మూతలో ఏముందో చెప్పమ్మా" అన్నారు. నేను లేచాను. నా కంటే ముందు మావయ్య గారు లేచారు.

"ఆగమ్మా. నాను సెప్పినాక నువ్వు సెప్పు. నీలం వరసలు బాగుపడ్డం నా మందు గొప్ప కాదు. ఆ మూత కింద ఏటున్నా, దాని గొప్పా కాదు. అవి పాడైపోతన్నాయని దుర్గ్‌లో విత్తనాల కొట్టు కాడ గంధకం పొడి కొనుక్కొచ్చి, పొద్దున్నే నీళ్లలో కలిపి నానే కొట్టీసినాను. ఉత్తుత్తి గంధకం కాదు. అసలుది."

(నవ్వులు) ఇప్పుడు నవ్వుతున్నారు. ఆరోజు ఎవరూ నవ్వలేదు. మొదట నోరు తెరిచింది నరసింగరావు మావయ్య.

"ఎప్పుడు కొట్టీసినావు బావా? డ్యూటీలో నానున్నాను కదా."

"నీది సాయంత్రం షిఫ్టు. నాది పొద్దున్న."

"మరి నాకు హేండోవర్ ఇవ్వాలి కదేటి?"

"చిన్న రిపేరుకి హేండోవరేటి?"

లక్ష్మీప్రసాద్ గారు కలగజేసుకున్నారు. "మావా, ఇది చీటింగ్ కాదా?"

"చీటింగేటిరా. ట్రయల్ అయిపోయిందనుకున్నాను. నీలం వరస పడిపోయింది, ఎర్ర వరస నిలబడింది, అందరూ సూసినారు. ట్రయలయ్యాక పడిపోయిన మెషీన్ని అలగే ఒగ్గీసి ఎళ్లిపోతారేటి? బాగుచేసి అప్పజెప్పాల. ఎదురుగా ఒకటి పాడైపోతంటే చేతులు కట్టుకుని నిలబడ్డం నాకు ఎవరూ నేర్పనేదు."

ఇది మన ఊళ్లో తప్ప ఇంకెక్కడా జరగదు. ఇంకే ఊరి వాళ్లయినా పరీక్షలో సగం మొక్కల్ని చావనివ్వమంటే చావనిచ్చేవారు. ఫర్నేస్ ఆగితే అన్నం మానేసి పరిగెత్తిన మనిషికి, కళ్లెదుట ఒక వరస పోతుంటే చూస్తూ ఊరుకోమని చెప్పడం నాదే తెలివితక్కువ. ఇంకో మాట. ఇన్నాళ్లు పొద్దున్నే గంధకం కొడితే ఎవరికీ వాసన ఎందుకు రాలేదని ఇంకో ఊరివాళ్లయితే అడుగుతారు. ఈ హాల్లో ఉన్న ముక్కుల్లో సగం బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో పనిచేసిన ముక్కులు. మిగతా సగం ఆ బట్టలు ఉతికినవి. గంధకం మనకి వాసనే కాదు. (నవ్వులు, చప్పట్లు)

అప్పుడు నేను చెప్పాను, నీలం మూత ఉత్త నీళ్లని, ఎర్ర మూత మందని. హాల్లో గోల మొదలైంది. మా అమ్మ లేచి, "అయితే పరీక్ష రద్దు, గది రద్దు కాదు" అంది. నాకూ అదే కావాలి. నేను మైకు పట్టుకుని, చదివిన చదువంతా కూడగట్టుకుని చెప్పాను: పోల్చి చూడ్డానికి పెట్టుకున్న వరసల్లోనే అసలు గంధకం పడింది కాబట్టి శాస్త్రప్రకారం ఈ పరీక్ష చెల్లదు, కాబట్టి మందు పనిచేయదని తేలినట్టు కాదు, కాబట్టి గది ఆయన దగ్గరే ఉండాలి. ఒక్కో 'కాబట్టి'కీ చప్పట్లు పడ్డాయి. ఆశ్చర్యమేమిటంటే లక్ష్మీప్రసాద్ గారు కూడా కొట్టారు. అమ్మ కొట్టేసిన మాటల్లో ఇదొకటి, ఎందుకు కొట్టేసిందో తెలియదు.

మావయ్య గారు చెయ్యెత్తారు.

"నీలం వరసల్ని నాను పాడుసేసినాను, ఒప్పుకుంతాను. ఎర్రవాటి మీద నాను చెయ్యెట్టనేదు. రోజూ సాయంత్రం నా మందే పడింది. గోడ నీడ నేదు, ఎండ బాగుంది. ఎళ్లి సూడండి ఎలాగున్నాయో."

పార్థసారథి గారు చాలా మర్యాదగా అడ్డుపడ్డారు. "త్రినాథరావు గారూ, మొక్కకి పనిచేయకపోతే మనిషికి పనిచేయదని లేదు కదండీ."

"నమ్మకం లేనోడి మీద సూద్దామన్నది నానే కదండీ. ఓడిపోయినాక మాట మారిస్తే ఎలాగ?" అని ఆయన జనంలో ఉన్న తల్లుల వైపు తిరిగారు. "పిల్లలకి జొరమొస్తే నా కాడికే తెచ్చేవారు. నాలుగు గోళీలిచ్చి పంపీసీవోణ్ణి. తగ్గింది కాబట్టి సరిపోయింది. దానంతటది తగ్గని జొరమైతే? గంధకం పొడి ఉందని తెలిసీ పేరు గంధకం కొట్టుకుంటూ కూకోడమే కదా అది."

అలా అని జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టారు. లక్ష్మీప్రసాద్ గారు దాన్ని తీసుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన చెయ్యి బల్ల దాకా వెళ్లి, నీళ్ల గ్లాసు పట్టుకుని వెనక్కి వచ్చింది. చివరికి వరలక్ష్మమ్మ అత్త లేచి ఆ తాళం కార్యదర్శి గారి జేబులో పడేసి, "ఉంచుకో బాబూ, ఇకనుంచి సాయంత్రాలు ఈయన ఇంట్లోనే ఉంతారు, నాకేటి మందో ఎవరైనా సెప్పండి" అంది. అప్పుడు జనం నవ్వి తేలికపడ్డారు.

నేను తేలికపడలేదు. ఎన్నాళ్ల తరవాతో నా చదువుకి ఒక పని దొరికింది, ఆ పని ఒక మంచి మనిషిని ఆయన గదిలోంచి బయటికి పంపడం అయింది. హాలు వెనకకి వెళ్లి తెల్లబడ్డ ఎర్ర వరసల ముందు నిలబడ్డాను. ఆయన నా వెనకే వచ్చారు. ఏమైనా అంటారేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. "మీ అమ్మకి కూడా సెప్పనేదట కదా. బాగా చేసినావు గుంటా" అన్నారు. తరవాత ఒక కాయ కోసి, ఒలిచి, గింజలు నా చేతిలో సగం పోశారు. మావయ్య గారూ, ఈ మాట మీ ముందు చెప్పాలని ఇన్నాళ్లు చూశాను. నాకు పాఠాలు చెప్పిన వాళ్లు చాలామంది ఉన్నారు. తాము నమ్మినదాన్ని నా చేతికిచ్చి, విరిగితే విరగనీ చూడమన్నది మీరొక్కరే.

గది మూతపడి నెలలైంది. సన్మానానికి ఇంత ఆలస్యం ఎందుకయ్యిందంటే, ఓడిపోయినవాడికి శాలువా ఏమిటని మావయ్య గారే ఒప్పుకోలేదు. అందరూ ఆయన ఖాళీగా కూర్చుని దిగులు పడుతుంటారని అనుకుంటున్నారు. అది తప్పు. పోయిన వారం జరిగింది చెబుతాను, చెప్పి దిగిపోతాను.

మా అమ్మకి జ్వరం వచ్చింది. మా నాన్న ఫోన్ చేస్తే మావయ్య గారు వచ్చారు. అమ్మ అలవాటు కొద్దీ అరచెయ్యి చాపింది గోళీల కోసం. ఆయన ఆ చెయ్యి పట్టుకుని చూసి, "కల్లో ఏటి కనబడతాందో దారిలో సెప్పు, ముందు ఆటో ఎక్కు" అని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. ఓపీ లైను మీకు తెలిసినదే, చీటీ తీసుకున్న మనిషి డాక్టర్ని చేరేలోగా సగం ముసలివాడైపోతాడు. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి, ఈయన పక్కన నిలబడి ఉప్పు తింటున్నావా, నిద్ర పడుతోందా, ఏ విషయం తలుచుకుంటే ఏడుపొస్తోంది అని మొదలుపెట్టారు. అమ్మ మొహమాటం లేకుండా అన్నీ చెప్పేస్తోంది, కొన్ని నా గురించే. వెనక బెంచీ మీంచి ఎవరో, "బావా, నన్నూ అడగవా" అన్నారు. చూస్తే మన వాళ్లే. ఆ గదికి వచ్చేవాళ్లే ఇప్పుడు ఈ లైన్లో ఉన్నారు. ఒకాయన మోకాలు, ఒకావిడ రక్తపోటు. ఈయన ఆ బెంచీకి వెళ్లారు, అక్కడి నుంచి ఇంకో బెంచీకి. ఒకరి చీటీ చదివిపెట్టారు, ఒకరిని రక్తపరీక్ష కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు, డాక్టరు ముందు ఏం చెప్పాలో మర్చిపోయే పెద్దావిడ చేత రెండుసార్లు వల్లె వేయించారు.

నర్సమ్మ చాలాసేపు చూసి వచ్చింది. "బాబా, ఆప్ కిస్‌కే సాథ్ ఆయే హో?" అని గట్టిగా అడిగింది, మీరు ఎవరితో వచ్చారని. మావయ్య గారు మా అమ్మని చూపించడానికి చెయ్యి ఎత్తబోయేలోగా, ఆ బెంచీ మీదా, ఈ బెంచీ మీదా, కిటికీ దగ్గరా చేతులు లేచాయి. నాతోనంటే నాతోనని. నర్సమ్మ ఆ చేతులన్నీ ఒకసారి చూసింది. ఒక రోగితో ఒక్క మనిషే ఉండాలన్నది వాళ్ల రూలట. ఒక మనిషితో ఎంతమంది రోగులుండొచ్చో రూల్లో రాయలేదని చెప్పి, ఆయనకి ఒక కుర్చీ వేయించి వెళ్లిపోయింది.

ఈ సభ పెట్టిన కార్యవర్గానికి, ఇంతసేపు గడియారాన్ని ఓర్చుకున్న అధ్యక్షులకు, దండతో పాటు నన్నూ భరించిన లక్ష్మీప్రసాద్ గారికి, వినిపించనప్పుడు కూడా తల ఊపిన పెద్దలకు నా కృతజ్ఞతలు. నా తరవాత మాట్లాడే వాళ్లకి ఒక్క మనవి. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నా క్లుప్తంగా మెచ్చుకోండి. రేపు పొద్దున్నే నరసింగరావు మావయ్యకి కళ్ల ఓపీ ఉంది, త్రినాథరావు మావయ్య గారు తెల్లారకుండా వెళ్లి లైన్లో నిలబడాలి, ఆయన్ని తొందరగా ఇంటికి పంపించాలి. సెలవు.